గైడ్ డాగ్ తెచ్చుకునే ముందు (అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్ళో మాట్లాడిన మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా)

అందరికీ నమస్కారం. మైక్ వినిపిస్తోందా? వెనక కూర్చున్నవాళ్ళకి కూడా? సరే అయితే.

ముందు ఒక మాట చెప్పేస్తా. నా కుర్చీ కింద నా గైడ్ డాగ్, అంటే చూపు లేని నన్ను నడిపించే కుక్క, పడుకుని ఉంది కదా, దాన్ని చూసి ఇందాకట్నించి పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు, నాకు వినపడుతోంది. దాని పేరు మాత్రం అడక్కండి, చెప్పను. ఏమీ అనుకోవద్దు, పేరు తెలిస్తే ఎవరో ఒకరు ముద్దొచ్చి పిలుస్తారు, అది తల తిప్పుతుంది, అది తల తిప్పిన ఆ క్షణంలో నేను మెట్ల అంచున ఉన్నాననుకోండి, ఇంకంతే. అందుకని ఇవాళ్టికి దాన్ని "ఇది" అనే అంటా. లాబ్రడార్‌కీ గోల్డెన్ రిట్రీవర్‌కీ పుట్టింది, ఆడది, 2022 నుంచి నాతో ఉంది. దీనికి ముందు ఆర్చీ అని నల్ల లాబ్రడార్ ఉండేవాడు, వాడి పేరు చెప్పొచ్చు, వాడు పోయిన సంవత్సరం పోయాడు.

ఇవాళ నన్ను ఎందుకు పిలిచారంటే, ముందు వరసలో ఒక బాబు కూర్చున్నాడు, ఇరవై రెండేళ్ళు, వచ్చే నెల మోరిస్‌టౌన్‌లో సీయింగ్ ఐ స్కూల్‌కి, అంటే గైడ్ డాగ్స్‌ని తయారుచేసి వాటితో నడవడం మనకి నేర్పే చోటికి, వెళ్తున్నాడు, మొదటి కుక్క. వాళ్ళమ్మగారు పోయిన వారం ఫోన్ చేసి "మీరు రెండుసార్లు వెళ్ళొచ్చారు కదండీ, ఏమేం సర్దాలి, ఏం పంపించాలి" అని అడిగారు. అక్కా, మీరు అడిగిన సూట్‌కేసు సంగతి రెండు నిమిషాల్లో అయిపోతుంది. మంచి వాకింగ్ షూస్ రెండు జతలు, కొత్తవి కాదు, ఇప్పట్నించే తొడుక్కుని నలిగినవి, ఒక మంచి రెయిన్‌కోటు ఎందుకంటే వాన వచ్చినా ట్రైనింగ్ ఆగదు, చలికాలమైతే ఎడమ చేతికి పల్చటి గ్లవ్ ఒకటి, మందం గ్లవ్ వేసుకుంటే హార్నెస్, అంటే కుక్క ఒంటికి తొడిగే పట్టీ, దాని హ్యాండిల్ లోంచి కుక్క చెప్పేది చేతికి అందదు. పచ్చడి సీసాలు పంపకండి, అక్కడ భోజనం వాళ్ళే పెడతారు, బానే ఉంటుంది. అయిపోయింది సూట్‌కేసు. మిగతా టైమంతా నేను వేరే సంగతి మాట్లాడతా, అది అబ్బాయి కోసం ఎంతో మీ కోసం కూడా అంతే.

మాది తెనాలి. మా నాన్న మా అమ్మకి సొంత మేనత్త కొడుకు, మేనరికం. నాకు ఏడెనిమిదేళ్ళప్పటికే రేచీకటి, పొద్దు వాలితే గడప కనపడేది కాదు, కరెంటు పోతే ఉన్నచోటే కూర్చుండిపోయేదాన్ని, ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా. క్యారెట్ తినమన్నారు, మునగాకు తినమన్నారు, అన్నీ తిన్నా, చివరికి హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ ఆస్పత్రికి తీసుకెళ్తే రెటినైటిస్ పిగ్మెంటోసా అని చెప్పారు, ఆర్.పి. అంటాం మేము. కంటి వెనక రెటీనాలో వెలుగుని పట్టుకునే కణాలుంటాయి, అవి ఒక్కొక్కటే చచ్చిపోతాయి, ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్క చూపు, ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది, ఆ గొట్టం ఏడాదేడాదికీ సన్నబడుతుంది. ఇది చాలా రకాలుగా వస్తుంది కానీ, దగ్గర చుట్టాల్లో పెళ్ళి అయితే ఇద్దరి దగ్గరా ఒకే పాడైన జీన్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మన వైపు కుటుంబాల్లో ఇది బాగానే కనిపిస్తుంది. మా అమ్మని నేనేమీ అనను, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పొచ్చేది ఏంటంటే, ఆ రోజు నుంచి నా చెయ్యి ఎవరో ఒకరి చేతిలోనే ఉంది. స్కూల్‌కి తమ్ముడు, కాలేజీకి నాన్న, గుడికి అమ్మ, పెళ్ళయ్యాక మా ఆయన. కంటికి రెప్పలా చూసుకున్నారు, ఒక్క రోజు విసుక్కోలేదు. కానీ ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి నేను ఒక్కదాన్నీ ఒక వీధి దాటలేదండీ. జీవితంలో ఒక్కసారి కూడా. నేను 2005లో ఎడిసన్ వచ్చా, ఇక్కడ కూడా అంతే, మా ఆయన ఆఫీసుకెళ్ళి వచ్చేదాకా ఇంట్లోనే.

ఒకసారి రేడియోలో గైడ్ డాగ్స్ గురించి విని, ఇంకేం, దేవుడు దారి చూపించాడు, కుక్క వస్తే నన్ను ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తుంది అనుకుని స్కూల్‌కి ఫోన్ చేశా. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, "మీరు రోజూ ఎక్కడెక్కడికి ఒంటరిగా వెళ్తారు" అని. నా దగ్గర జవాబు లేదు. ఎక్కడికీ వెళ్ళను, వెళ్ళడానికే కదా కుక్క అడుగుతున్నా అన్నా. ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది, ముందు తెల్ల కర్రతో తిరగడం నేర్చుకోండి, నాలుగు రూట్లు మీ అంతట మీరు వెళ్ళి రావడం వచ్చాక మళ్ళీ ఫోన్ చెయ్యండి, మేము ఇక్కడే ఉంటాం అని. ఆ రాత్రి నేను ఏడ్చా. ఇప్పుడనిపిస్తుంది, నా జీవితంలో నాకు ఎవరైనా చేసిన పెద్ద మేలు ఏదైనా ఉందంటే అది ఆ ఫోన్ కాల్.

ఎందుకంటే కుక్కకి దారి తెలియదండీ. ఇది అందరూ పొరబడే చోటు. దీనికి ఎడిసన్ స్టేషన్ ఎక్కడుందో, నా ఆఫీసు ఎక్కడుందో ఒక మనిషికి తెలిసినట్టు తెలియదు. రోజూ వెళ్ళే దారి అలవాటవుతుంది, అది వేరే, కానీ ఇప్పుడు ఎన్ని వీధులు దాటాలి, ఎక్కడ ఎడమకి తిరగాలి, ఇప్పుడు నేను ఎటు మొహం పెట్టి నిలబడ్డా, ఇవన్నీ నా బుర్రలో ఉండాలి. నేను "ఫార్వర్డ్" అంటే ముందుకి వెళ్తుంది, "లెఫ్ట్" అంటే ఎడమకి తిరుగుతుంది, దారిలో స్తంభం ఉంటే నన్ను పక్కనుంచి తీసుకెళ్తుంది, ఫుట్‌పాత్ అయిపోయి రోడ్డు అంచు వస్తే ఆగుతుంది, మెట్లొస్తే ఆగుతుంది, నా తల ఎత్తులో కొమ్మ వేలాడుతుంటే దానికి అడ్డం కాకపోయినా నాకు అడ్డమని తప్పిస్తుంది. అంతే దాని పని. అది చిన్న పని కాదు, కానీ అదొక్కటే దాని పని.

అలాగే ట్రాఫిక్ లైటు. కుక్క లైటు చూసి దాటిస్తుందని చాలామంది అనుకుంటారు. దానికి ఎరుపు, ఆకుపచ్చ మనలాగా తేడా తెలియదు, తెలిసినా ఆ లైటు దాని పని కాదు. ఎప్పుడు దాటాలో నేను విని తేల్చుకోవాలి, నాకు అడ్డంగా వెళ్ళే బళ్ళు ఆగాలి, నా పక్కనే నాతో పాటు అదే వైపుకి వెళ్ళే బళ్ళు కదిలిన శబ్దం రావాలి, అప్పుడు "ఫార్వర్డ్" అంటా. ఇది కర్ర పట్టుకుని నేర్చుకోవాల్సిన విద్య. న్యూజెర్సీలో కమిషన్ ఫర్ ది బ్లైండ్ అని స్టేట్ వాళ్ళ ఆఫీసు ఉంది, వాళ్ళే ఇంటికి టీచర్‌ని పంపించి నేర్పిస్తారు, నాకు ఏడాదిన్నర నేర్పారు. మొదటిసారి ఒంటరిగా మా వీధి చివర దాటినప్పుడు మా ఆయన ఎదురుగా చెట్టు చాటున నిలబడి చూస్తున్నాడట, నాకు చెప్పలేదు, రెండేళ్ళ తర్వాత చెప్పాడు. వచ్చి చెయ్యి పట్టుకోకుండా అక్కడే నిలబడ్డాడు చూశారా, నా ట్రైనింగ్‌లో ఆయన చేసిన పని అది.

మరి అంతా మనమే చేసుకుంటే కుక్క ఎందుకు అంటారా. ఒక రోజు సంగతి చెప్తా. నెవార్క్‌లో పెన్ స్టేషన్ బయటికొస్తే రేమండ్ బౌలెవార్డ్ ఉంటుంది, పెద్ద రోడ్డు. ఆర్చీ వచ్చి ఏడాది అయుంటుంది. నా పక్క బళ్ళు కదిలాయి, నేను సరిగ్గానే విన్నా, "ఫార్వర్డ్" అన్నా, నాలుగడుగులు వేశాం. ఉన్నట్టుండి హ్యాండిల్ ఆగిపోయింది. ఆగడం కాదు, వెనక్కి తోసింది, వాడి భుజం నా మోకాలికి అడ్డం వచ్చింది. నేను మళ్ళీ "ఫార్వర్డ్" అన్నా, కదల్లేదు. అప్పుడు నా ముఖం మీద గాలి కొట్టింది, టైర్లు తడి రోడ్డు మీద తిరిగిన చప్పుడు, అంతే, ఇంజిన్ శబ్దమే లేదు. ఏదో హైబ్రిడ్ కారు, కుడివైపు తిరిగేవాడు నన్ను చూడకుండా తిప్పేశాడు. నేను చెప్పిన మాట ఆర్చీ వినలేదు కాబట్టి నేను ఇవాళ ఇక్కడ మాట్లాడుతున్నా. దీన్ని ఇంటెలిజెంట్ డిస్ఒబీడియన్స్ అంటారు, అంటే తెలిసే మాట వినకపోవడం, చెప్పినట్టు చేస్తే ప్రమాదం అని తెలిసినప్పుడు చెప్పినట్టు చెయ్యకపోవడం. నిర్ణయం నాది, వద్దనే హక్కు వాడిది. బాబూ, నువ్వు అక్కడ నేర్చుకునేది ముఖ్యంగా ఇదే, అది వద్దన్నప్పుడు ఆగడం. మనకి చిన్నప్పట్నించి అందరూ వద్దు వద్దు అనేవాళ్ళే కదా, కాబట్టి ఇంకొకళ్ళు వద్దంటే ఒళ్ళు మండుతుంది. కానీ ఈ "వద్దు" వేరు.

ఈ స్కూల్ ఎలా పుట్టిందో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ కథలో మన కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీలో కళ్ళు పోయిన సైనికుల కోసం కుక్కలకి ట్రైనింగ్ మొదలుపెట్టారు, 1916లో ఓల్డెన్‌బర్గ్ అనే ఊళ్ళో స్కూల్ పెట్టారు. జర్మనీలోనే పోట్స్‌డామ్‌లో అలాంటి ఇంకో స్కూల్ చూసి డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ ఆవిడ, స్విట్జర్లాండ్‌లో కుక్కల్ని పెంచుతుండేది, 1927లో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాసింది. నాష్‌విల్‌లో మోరిస్ ఫ్రాంక్ అని పంతొమ్మిది ఇరవై ఏళ్ళ కుర్రాడు, రెండు కళ్ళూ పోయాయి, వాళ్ళ నాన్న ఆ వ్యాసం చదివి వినిపించాడు. ఆ కుర్రాడు ఆవిడకి ఉత్తరం రాసి 1928లో ఓడ ఎక్కి స్విట్జర్లాండ్ వెళ్ళాడు. ఎలా వెళ్ళాడు అంటే, పార్సెల్ లాగా. నిజంగానే, ఒక కంపెనీకి సరుకు అప్పజెప్పినట్టు అప్పజెప్పారు, ఓడలో మనిషొచ్చి గదిలో పెట్టి తాళం వేసేవాడట. తిరిగొచ్చేటప్పుడు బడ్డీ అనే జర్మన్ షెపర్డ్‌తో వచ్చాడు, న్యూయార్క్‌లో విలేకర్ల ముందు వెస్ట్ స్ట్రీట్ అనే భయంకరమైన రోడ్డు దాటి చూపించాడు, ఆవిడకి ఒకే మాటతో టెలిగ్రాం ఇచ్చాడు, సక్సెస్ అని. మరుసటి ఏడాది 1929 జనవరిలో నాష్‌విల్‌లోనే స్కూల్ పెట్టారు, తర్వాత న్యూజెర్సీకి మారింది. ఆ తర్వాత ఆయన దగ్గరికి వచ్చిన కుక్కలన్నిటికీ బడ్డీ అనే పేరే పెట్టుకున్నాడు.

నాకు ఆ పార్సెల్ మాట ఎందుకు గుచ్చుకుంటుందంటే, ఇప్పటికీ ఎయిర్‌పోర్ట్‌లో హెల్ప్ అడిగితే వీల్‌చెయిర్ తెస్తారు. నా కాళ్ళకేం రోగం? నడుస్తానండీ అంటే "మేడం ప్లీజ్ కూర్చోండి" అంటారు, నన్ను కాకుండా మా ఆయన్ని అడుగుతారు ఎక్కడికి వెళ్ళాలి అని. వందేళ్ళు కావస్తోంది ఆ కుర్రాడు ఓడ ఎక్కి.

సరే, ఇప్పుడు అసలు ట్రైనింగ్‌కి తయారవడం. రోజూ నడవాలి. ఇవాళ్టి నుంచే. కర్రతో నడిచే నడక నెమ్మది, తడుముకుంటూ వెళ్తాం, కుక్కతో నడక అలా కాదు, అది లాగుతుంది, లాగాలి, ఆ లాగుడు లోంచే నీకు దారి తెలుస్తుంది. అక్కడ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నడిపిస్తారు, మూడు నాలుగు వారాల పాటు. మొదటిసారి నా ఎడమ భుజం రాత్రిళ్ళు నిద్ర పట్టనిచ్చేది కాదు. రోజుకి రెండు మైళ్ళు అలవాటు చేసుకో.

దరఖాస్తు పెట్టాక ఇంటికి ఒకళ్ళు వస్తారు, నీ దగ్గరికి వచ్చుంటారు ఈపాటికి. జూనో వాక్ చేయించారా? చేయించారు కదా. తెలియనివాళ్ళ కోసం చెప్తా, ఇన్‌స్ట్రక్టర్ హార్నెస్ ముందు భాగం తన చేత్తో పట్టుకుని హ్యాండిల్ మన ఎడమ చేతికిస్తారు, తనే కుక్క అనమాట, జూనో అని పిలవాలి, "జూనో, ఫార్వర్డ్". మన నడక ఎంత వేగం, ఎంత లాగితే తట్టుకుంటాం, గొంతు ఎలా ఉంది, అన్నీ అందులో కనిపెడతారు. వాళ్ళు కుక్కని లాటరీ తీసి ఇవ్వరు. నెమ్మదిగా నడిచేవాళ్ళకి నెమ్మదైన కుక్క, నాలాగా రైలందుకోవాల్సినవాళ్ళకి వడిగా నడిచే కుక్క. ఆ కుక్కలు కూడా ఊరికే రావు, ఏడెనిమిది వారాల పిల్లగా ఉన్నప్పుడు వాలంటీర్ల ఇళ్ళకి వెళ్తాయి, ఏడాది పైన వాళ్ళ ఇంట్లో పెరిగి, మళ్ళీ స్కూల్‌కొచ్చి నాలుగు నెలలు ట్రైనర్ దగ్గర నేర్చుకుంటాయి. ఆ ఇంటివాళ్ళు పిల్లలాగా పెంచి ఇచ్చేస్తారు, మనకి వాళ్ళు ఎవరో కూడా తెలియదు. మొత్తానికి మనం కట్టేది మొదటి కుక్కకి 150 డాలర్లు, 1930ల నుంచీ అదే, ప్రయాణం, భోజనం, గది, కుక్క, హార్నెస్ అన్నీ కలిపి. అసలు ఖర్చు దాతలది. ఆ 150 కూడా ఎందుకు తీసుకుంటారంటే, దానంగా తీసుకున్నామన్న మాట మనకి ఉండకూడదని. కట్టే ఆ డబ్బు బాబు సొంత డబ్బయితే బావుంటుంది అక్కా, నాన్న ఇవ్వకుండా.

వెళ్ళగానే కుక్కని ఇవ్వరు. మొదటి రెండ్రోజులు మళ్ళీ జూనోనే, ఇంకా పాఠాలు. మూడో రోజు ఇస్తారు. అందరం ఆ రోజు తలంటు పోసుకున్న పెళ్ళికూతుళ్ళలా ఉంటాం, ఎవరికీ అన్నం సయించదు. నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, లీష్, అంటే కుక్కని పట్టుకునే తాడు, చేతిలో పెట్టి, పేరు చెప్పి పిలవమన్నారు. ఆర్చీ వచ్చాడు, నా చెయ్యి వాసన చూశాడు, తడి ముక్కు. తర్వాత గదిలో మమ్మల్నిద్దరినే వదిలేశారు. నేను అనుకున్నదేంటి, వచ్చి ఒళ్ళో తల పెడతాడని. వాడు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గంటసేపు. తలుపు కింద సందులోంచి వాసన చూస్తున్నాడు, నాలుగు నెలలు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ కోసం. నాకు వినపడుతోంది ఆ ఊపిరి. బాబూ, దానికి సిద్ధంగా ఉండు. అది నీ మీద అయిష్టం కాదు, దానికి కూడా ఒక ఇల్లు పోయింది. నాకు మా అత్తవారింట్లో మొదటి రాత్రి గుర్తొచ్చింది, నేను కూడా అలాగే తలుపు వైపు తిరిగి కూర్చున్నా. అందుకే నేను వాణ్ణి పిలవలేదు, కింద నేల మీద కూర్చున్నా, ఊరికే. చాలాసేపటికి వచ్చి నా కాలికి వీపు ఆనించి పడుకున్నాడు.

ఇంకొకటి, పొగడటం నేర్చుకోవాలి. నవ్వకండి, నిజంగా కష్టం. అది సరిగ్గా చేసిన ప్రతిసారీ, అంచు దగ్గర ఆగిన ప్రతిసారీ, గొంతులో సంతోషం వినిపించేలా మెచ్చుకోవాలి, రోడ్డు మధ్యలో, పదిమందిలో. మనకి పెద్దగా నోరెత్తడం అలవాటు లేదు కదా, ఆడపిల్ల రోడ్డు మీద గట్టిగా మాట్లాడకూడదని పెరిగినవాళ్ళం. నాకు ఇంగ్లీషులో "గుడ్ బాయ్" అంటుంటే ఎవరి మాటో అరువు తెచ్చుకున్నట్టుండేది, ఇన్‌స్ట్రక్టర్ విని, మీ ఇంట్లో పసిపిల్లల్ని ఎలా ముద్దు చేస్తారో అలా అనండి అంది. "నా బంగారు తండ్రీ" అన్నా, అంతే, హ్యాండిల్ లోంచి తోక ఊగడం తెలిసింది నాకు. కమాండ్లు ఇంగ్లీషులో, ముద్దు తెలుగులో, ఇప్పటికీ అదే.

తప్పులు చేస్తుంది. నా భుజానికి మెయిల్‌బాక్స్ కొట్టుకుందనుకోండి, తిట్టి వెళ్ళిపోతే దానికేం తెలియదు. ఆగాలి, ఆ మెయిల్‌బాక్స్ మీద చేత్తో టప్ టప్ అని కొట్టి చూపించాలి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాలి, ఈసారి పక్కగా తీసుకెళ్తే బంగారు తల్లీ అనాలి. ఆఫీసుకి లేటయినా సరే, వాన పడుతున్నా సరే. ఒక్కరోజు పోన్లే అని వదిలేస్తే అది కూడా పోన్లే అనుకోవడం నేర్చుకుంటుంది.

పిల్లలందరూ ఎప్పుడూ అడిగేది ఒకటుంది, పెద్దవాళ్ళు అడగలేనిది. కళ్ళు కనపడకుండా అది రెండుకి వెళ్ళింది ఎలా తీస్తారు అని. లీష్ పొడుగు చేసి చుట్టూ తిరగనిస్తాం, అది ఆగగానే వీపు మీద చెయ్యి పెడతాం, వీపు తిన్నగా ఉంటే ఒంటికి, విల్లులా వంగి ఉంటే రెండుకి. వంగి ఉంటే నా పాదం దాని వెనక కాళ్ళ దగ్గర గుర్తుగా పెట్టుకుని, చేతికి కవర్ తొడుక్కుని వంగి, పాదం ముందు తడిమితే దొరుకుతుంది, చలికాలం అయితే వెచ్చగా తగులుతుంది కూడా. కవర్ తిరగేసి ముడి. మా అత్తయ్యగారు మొదట్లో "నువ్వెందుకమ్మా, మా అబ్బాయి తీస్తాళ్ళే" అన్నారు. వద్దన్నా. దాని తిండి, దాని బాత్రూం, దాని స్నానం, నావే. బాబు విషయంలో కూడా అలాగే ఉండనివ్వండి అక్కా. మంచు పడుతుంటే తెల్లవారుజామున లేచి మీరు తీసుకెళ్ళాలనిపిస్తుంది, తీసుకెళ్ళొద్దు. ఎవరు తిండి పెట్టి బయటికి తీసుకెళ్తారో, దాని ప్రాణం వాళ్ళ దగ్గర ఉంటుంది. అది మీ దగ్గర ఉంటే రోడ్డు మీద బాబుకి పనికిరాదు.

ఇల్లు. మన ఇళ్ళలో ఇదే పెద్ద ట్రైనింగ్. ఆర్చీని తెచ్చే ముందు మా అత్తయ్యగారితో కూర్చుని మాట్లాడా, ఆవిడ మడి, దేవుడి గది ఉన్న ఇల్లు, కుక్క ఇంట్లోకా అని భయపడ్డారు. నేను వాదించలేదు. మీకు ఎక్కడెక్కడికి రాకూడదో చెప్పండి అన్నా. దేవుడి గది, వంటగది అన్నారు. సరే అన్నా, ఆ రెండు గడపల దగ్గర వాడు ఆగడం నేర్పించా, రోడ్డు అంచు దగ్గర ఆగినట్టే. మూడు నెలల తర్వాత ఒక రోజు ఆవిడ పూజ చేసుకుంటుంటే గడప బయట పడుకుని ఉన్నాడట, హారతి పళ్ళెం పట్టుకుని బయటికొచ్చి నాతో అన్నారు, "వీడు మీ మావయ్యగారి కంటే కుదురుగా కూర్చున్నాడే" అని. ఒప్పుకున్నారంటే నేను ఒప్పించి కాదు, ఆవిడ మాట ముందు అడిగాం కాబట్టి. వచ్చిన కొత్తలో కొన్ని వారాలు ఇంట్లో కూడా లీష్ మీదే, నా పక్కనే ఉండాలి, ఇల్లంతా తిరగనివ్వకూడదు, స్వేచ్ఛ కొంచెం కొంచెంగా.

తిండి మాత్రం ఎవరితోనూ రాజీ లేదు. పూటకి కొలిచి, రోజుకి రెండు పూటలు, అంతే. ఇక్కడ ఒకటి చెప్పాలి, నా చేతులు ఇప్పటికీ వణుకుతాయి. 2016లో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, నలభై మంది. ఆర్చీ హార్నెస్ తీసేసి నా మంచం పక్కన పడుకోబెట్టా. ఒక పెద్దాయన, ఎంతో మంచి మనసు, "పాపం మూగజీవి, స్వామి ప్రసాదం దానికి మాత్రం వద్దా" అని గిన్నెడు పెట్టేశారు. ప్రసాదంలో కిస్మిస్ ఉంటుంది కదా. కిస్మిస్, ద్రాక్ష కుక్కలకి విషం, మూత్రపిండాలు పాడవుతాయి, ఏ కుక్కకి ఎంత పడితే ప్రమాదమో ముందే చెప్పలేం. నాకు పావుగంట తర్వాత తెలిసింది. వ్రతం మధ్యలో లేచి ఎమర్జెన్సీకి పరిగెత్తాం, కక్కించారు, రెండ్రోజులు సెలైన్ పెట్టి ఉంచుకున్నారు. బతికాడు. ఆ పెద్దాయన మా ఇంటికొచ్చి ఏడ్చారు. ఆయన తప్పేముంది, చెప్పనిది నేను. ఉల్లి, వెల్లుల్లి కూడా వాటి రక్తాన్ని పాడుచేస్తాయి, మరి మన వంటలో అవి లేని కూర ఏది? చాక్లెట్ సంగతి మీకు తెలిసిందే. ఇప్పుడు మా ఇంట్లో ఏ పూజ అయినా సంకల్పానికి ముందే నేను లేచి చెప్తా, దీనికి ఎవరూ ఏమీ పెట్టకండి అని.

బయట సంగతి. ఈ దేశంలో 1990లో వచ్చిన ఏ.డి.ఏ., అంటే వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం హోటలు, షాపు, ఆస్పత్రి, జనం వెళ్ళే దాదాపు అన్నిచోట్లకీ దీన్ని తీసుకెళ్ళే హక్కు ఉంది. వాళ్ళు రెండే అడగొచ్చు, ఇది మీ వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగా, ఏ పని చెయ్యడానికి ట్రైనింగ్ ఇచ్చారు అని. కాగితాలు అడక్కూడదు, నీ జబ్బేంటి అని అడక్కూడదు. అదే సమయంలో అది మొరిగి గోల చేస్తే, లోపల పాడుచేస్తే బయటికి పొమ్మనే హక్కు వాళ్ళకీ ఉంది, కాబట్టి దాని మర్యాద మన బాధ్యత. క్యాబ్ వచ్చి కుక్కని చూసి వెళ్ళిపోవడం నాకు లెక్కలేనన్నిసార్లు అయింది, టైర్ల చప్పుడు దూరమవుతుంటే చలిలో అలా నిలబడి ఉండటం, అది అలవాటవ్వదు బాబూ. ప్రతిసారీ కంప్లయింట్ రాస్తా. రాయడం మానొద్దు.

గుడి మాత్రం వేరు, ఇది మనవాళ్ళకి తెలియాలి. మత సంస్థలకి ఆ చట్టం వర్తించదు, రానివ్వాలా వద్దా అనేది గుడి వాళ్ళ ఇష్టం. నేను గొడవపడను. ఇంట్లో వదిలేసి కర్రతో వెళ్తా. అందుకే మళ్ళీ చెప్తున్నా, కుక్క వచ్చింది కదా అని కర్ర అటక మీద పడెయ్యొద్దు, దీనికి జ్వరం వచ్చిన రోజు కూడా నువ్వు ఆఫీసుకి వెళ్ళాలి కదా.

(సభలోంచి ఒకరు ఇండియా ప్రయాణం గురించి అడిగారు.)

ఆ, మంచి ప్రశ్న. నేను తీసుకెళ్ళను. మే నెల గుంటూరు ఎండలో తారు రోడ్డు మీద దాని పాదాలు పెట్టించలేను, ఫుట్‌పాత్ లేని చోట అది నేర్చుకున్న అంచు ఎక్కడ వెతుక్కోవాలి, వీధికి పది కుక్కలు, అవి మీద పడితే ఒక్కసారి భయపడ్డ కుక్క మళ్ళీ పనికి రాకపోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు కూడా, ఇండియాని అమెరికా వాళ్ళు రేబిస్ ఎక్కువున్న దేశాల లిస్టులో పెట్టారు, 2024 ఆగస్టు నుంచి రూల్స్ గట్టిపడ్డాయి, కాగితాలు ముందే చేయించుకోవాలి. అందుకని ఇది ఇక్కడ మా ఆయన దగ్గర ఉంటుంది. విజయవాడ నుంచి చాలామంది ఫోన్ చేసి మా పిల్లవాడికి ఇప్పించండి అంటారు, ఈ స్కూల్ అమెరికా, కెనడాల్లో ఉండేవాళ్ళకే ఇస్తుంది. వాళ్ళకి నేను చెప్పేది, కుక్క సంగతి తర్వాత, పిల్లవాడి చేతికి కర్ర ఇవ్వండి, వీధి చివరిదాకా వెళ్ళనివ్వండి అని.

ఆర్చీ గురించి ఒక్క మాట. ఎనిమిదేళ్ళు పని చేశాడు. 2022లో ఒక రోజు స్టేషన్ మెట్ల దగ్గర ఆగాడు, ఎప్పట్లాగే, నేను "ఫార్వర్డ్" అంటే ఒక్క క్షణం ఆలస్యంగా కాలు వేశాడు. మరుసటి రోజు కూడా. పదేళ్ళొచ్చాయి వాడికి. హార్నెస్ తీసేసి ఇంట్లో ఉంచేశా, రిటైరయిన కుక్కని మన దగ్గరే ఉంచుకోవచ్చు. ఇది వచ్చాక పొద్దున్నే దీనికి హార్నెస్ తొడుగుతుంటే ఆ బకిల్ చప్పుడు విని వాడు లేచి వచ్చి తన తల కూడా దూర్చేవాడు. నేను రోజూ వాడికి ఒట్టి లీష్ వేసి డ్రైవ్‌వే చివరిదాకా తీసుకెళ్ళి తీసుకొచ్చేదాన్ని, నెవార్క్ వెళ్ళొచ్చినట్టు. తర్వాత మా అత్తయ్యగారి కాళ్ళ దగ్గరే పడుకునేవాడు, చివరిదాకా. బాబూ, మొదటి రోజే ఇది తెలుసుకుని వెళ్ళు.

టైం అయిపోయింది అంటున్నారు. ఇది కూడా లేచి నిలబడింది, బయటికి తీసుకెళ్ళాలి. అదయ్యాక హాలు బయట కారిడార్‌లో ఉంటా, పొద్దున రెండుసార్లు నడిచి చూసుకున్నా, తిన్నగా ఉంది, మధ్యలో ఒకటే కుర్చీ. దీని హార్నెస్ విప్పి తెస్తా. బాబూ, నేను ముందు పట్టుకుంటా, నువ్వు హ్యాండిల్ పట్టుకో, జూనో అని పిలువు. కర్ర తెచ్చుకున్నావు కదా, తలుపు దాకా దాంతో నువ్వే రా. అక్కా, మీరు ఇక్కడే కూర్చోండి, టీ ఇస్తున్నారట.